పాత వస్తువుకు ఊరూ పేరూ ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారములు.

పాతకాలపు వస్తువులతో కొత్త ఇళ్లను అలంకరించుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇత్తడి గంగాళంలో మొక్కను పెట్టి వసారాలో ఉంచడం, చెక్కడపు పని ఉన్న పాత ద్వారబంధంలో అద్దం బిగించి గోడకు ఆనించడం, అమ్మమ్మగారి భోషాణాన్ని సోఫాల మధ్య బల్లగా వాడుకోవడం వంటి సూచనలు ఫోటోలతో సహా ముచ్చటగానే ఉన్నాయి. అయితే ఆ వస్తువులు ఎక్కడ దొరుకుతాయి, ఎంతకు దొరుకుతాయి అన్న వివరమే తప్ప, అవి ఎవరి ఇంటి నుంచి వచ్చాయి, ఇంతకాలం ఏ పనికి ఉపయోగపడ్డాయి, ఇకమీదట కూడా ఆ పనికి ఉపయోగపడతాయా అన్న ప్రస్తావన వ్యాసం మొత్తంలో ఎక్కడా కనిపించలేదు. పాత వస్తువు వాడుకలో ఉన్నంతకాలం, దాని ఊరూ పేరూ ఇంట్లోవారికి తెలిసి ఉన్నంతకాలం ఇంటికి అందమిస్తుందని, ఆ రెండూ పోయిన తరువాత అది అంగడి సరుకు మాత్రమేనని నా అభిప్రాయం. అందుకు కారణాలను మా ప్రాంతపు అనుభవం నుంచి మీ పాఠకుల ముందు ఉంచదలచాను.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో ఉంటాను. ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించాను. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఇదంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాయే. అప్పుడు పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం ఒడిశాకు వచ్చింది, మిగిలినది మద్రాసులోనే ఉండిపోయింది. అన్నదమ్ముల వాటాలు సైతం రెండు రాష్ట్రాలలో పడిన కుటుంబాలు మా ఊరి చుట్టుపక్కల ఉన్నాయి. అందువల్ల ఇక్కడ ఒక ఇంటి అటక దింపితే, సరవకోట మండలంలోని బుడితిలో పోతపోసిన కంచుపాత్ర, గంజాం జిల్లా బెల్లగుంఠలో చేసిన, ఒళ్లు వంకర్లు తిరిగే ఇత్తడి చేప, మా ఊళ్లోనే గేదె కొమ్ముతో చేసిన దువ్వెన ఒకే గోనెసంచిలో నుంచి బయటపడటం మాకు కొత్త కాదు. గోపాలపురం, కళింగపట్నం రేవుల్లో ఓడ ఎక్కి రంగూన్‌కు పనులకు వెళ్లినవారి ఇళ్లలో బర్మా టేకు పెట్టెలు, మంచాలు నేటికీ కనిపిస్తాయి. 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు అడవుల వెంట కాలినడకన తిరిగివచ్చినవారికి ప్రాణాలు దక్కడమే గగనమైంది గనుక, ఆ పెట్టెలూ మంచాలూ చాలావరకు అంతకు ముందరి రాకపోకలలో వచ్చినవే అయి ఉండాలి. ఈ సంగతి తెలిసి ఆ పెట్టెను చూడటానికీ, ‘బర్మా టేకు, పాతది’ అన్న చీటీ చూసి కొనడానికీ ఎంత తేడా ఉన్నదో మీ వ్యాసకర్త ఒక్క వాక్యంలోనైనా చెప్పి ఉంటే బాగుండేది.

నాకు పాత వస్తువుల మీద ఆసక్తి కలిగించింది దుకాణాలు కావు, ఒక స్నేహం. నా స్నేహితురాలు ఒడియా ఆవిడ. ఆమె నన్ను తెలుగు పద్ధతిలో ‘అక్కా’ అంటుంది, నేను ఆమెను ఇక్కడి ఒడియావారి పద్ధతిలో ‘నానీ’ అంటాను. రెంటికీ అర్థం ఒకటే గనుక మాలో ఎవరు పెద్దో వినేవారికి ఎన్నటికీ తేలదు. పంటలు ఇళ్లకు చేరి చలి ముదిరే రోజుల్లో ఇద్దరం గుణుపురం రైలెక్కి కాశీనగర్ వైపో, గుణుపురమో, లేకపోతే ఇటు టెక్కలి వైపో తెలిసినవారి ఇళ్లకు వెళుతుంటాము. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద మొదలై, తరువాత గుణుపురం దాకా పొడిగించిన చిన్న బండి ఒకప్పుడు ఈ దారిలోనే నడిచేది. అది 2004లో ఆగిపోయి, పట్టాలు పెద్దవైన తరువాత మళ్లీ రైలు వచ్చింది. చిన్న బండి ఆగిన తరువాత స్టేషన్ల లాంతర్లని చెప్పి అమ్మినవాటిని లెక్కపెడితే ఆ దారిలో స్టేషన్ల కంటే లాంతర్లే ఎక్కువ తేలతాయని నా స్నేహితురాలు పరిహాసమాడుతుంది.

ఈ ప్రయాణాలలో మేము ఏదీ కొనము. ఇంటివారు అనుమతిస్తే ఒక్కొక్క వస్తువునూ చూసి, అది ఎవరు చేయించారు, ఏ సందర్భంలో ఇంటికి వచ్చింది, ఎవరి చేతిలో ఎక్కువగా మెలిగింది, ఇప్పుడు దేనికి వాడుతున్నారు అని అడిగి, తెలుగులో నేనూ ఒడియాలో ఆమే నోటుపుస్తకాలలో రాసుకుంటాము. మొదట్లో మమ్మల్ని పాతసామాన్ల వర్తకులమని అనుమానించినవారు సైతం, కాఫీ తాగే వేళకు తమంతట తామే అటక మీది సామాను దింపి చూపించారు. అడగడం మొదలుపెట్టగానే ఇంట్లోని ముసలివారికి ఎక్కడలేని ఓపిక వస్తుంది. తమ నాయనమ్మగారి పందిరిమంచం ఏ అడవి కర్రతో, ఏ ఊరి వడ్రంగి చేతిలో తయారయిందో ఇంటి కోడళ్లు కూడా ఆ పూటే మొదటిసారి వినడం మేము తరచుగా చూశాము.

అటువంటి ఒక ఇంట్లో నడిమి గదిలో ఇత్తడి గొలుసుల ఉయ్యాలబల్ల ఉన్నది. దానిని మోసిన దూలానికి బీట పడటంతో ఇంటి యజమాని ఇనుప గొట్టాలతో ఒక చట్రం చేయించి, దానికి ఉయ్యాలను తగిలించాడు. ఆ చట్రం చూడటానికి ఏమాత్రం బాగుండదు. ఫోటో తీసేవారెవరూ దానిని పత్రికకు పంపరు. కానీ మధ్యాహ్నం వేళ ఆ బల్ల మీద కూర్చుని ఇంటి పెద్దావిడ చింతపండు గింజ తీస్తుంది, సాయంత్రం పిల్లలు పాఠాలు చదువుకుంటారు, రాత్రి ఇంటాయన నడుము వాలుస్తాడు. మరొక ఊళ్లో ఒక సంపన్న గృహస్థు అంతకంటే మంచి ఉయ్యాలబల్లకు కొత్తగా మెరుగు పెట్టించి, ఎవరూ కూర్చోకుండా దాని మీద పూలకుండీలు అమర్చాడు. మొదటి ఇల్లే అలంకరణ తెలిసిన ఇల్లని నేను నిస్సంకోచంగా చెప్పగలను. ఈ విషయంలో నా స్నేహితురాలు నాతో ఏకీభవించదు. కూర్చుంటే బల్ల అరుగుతుందని ఆమె వాదం. అరిగితే అరగనిమ్మని నా వాదం. మా మధ్య ఈ తగవు ఇప్పటికీ తీరలేదు.

అయితే వాడుకలో ఉండటమంటే ఏమిటో నాకు చూపించింది ఆమె ఇల్లే. మార్గశిర మాసంలో గురువారాలు ఒడియా ఇళ్లలో లక్ష్మీపూజ జరుగుతుంది. ఇల్లంతా కడిగి, బియ్యపుపిండిని నీళ్లలో కలిపి గడప నుంచి పూజగది దాకా లక్ష్మి పాదాలు వేసి, ధాన్యం కొలిచే ‘మాణ’ అనే పాత్రను కొత్త ధాన్యంతో నింపి పీట మీద నిలుపుతారు. నా స్నేహితురాలి ఇంట్లో ఉన్న మాణ ఆమె అత్తగారి అత్తగారి కాలానిది. ఏడాది పొడుగునా ఒక గుడ్డలో చుట్టి పైన పెట్టి, మార్గశిరం రాగానే దింపి, తుడిచి, ధాన్యం పోస్తుంది. దానికి మెరుగు పెట్టించాలని గానీ, అద్దాల బీరువాలో ఉంచాలని గానీ ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఏటా పని ఉన్న వస్తువుకు బీరువా ఎందుకు?

మన ఇళ్లలో లక్ష్మివార వ్రతం ఆ మాసంలోనే జరుగుతుంది, కానీ మన కొలపాత్రల గతి వేరుగా ఉన్నది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని నా తరం వారు ఎక్కాలతో పాటు వల్లెవేశారు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి, క్రమంగా కిలోలు, లీటర్లు తప్పనిసరి అయిన తరువాత ఈ పాత్రలకు అంగట్లో పనిలేకుండా పోయింది. ఇప్పుడు అవే సోలలు, తవ్వలు వరుసగా పేర్చి పట్నాల ఫ్లాట్లలో టీవీ కింద అలంకారంగా ఉంచుతున్నారు. వాటిని ఉంచడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఇంట్లో అన్నానికి బియ్యం తవ్వతో కొలవడానికి ఏ చట్టమూ అడ్డురాదు. మా ఇంట్లో నేటికీ సోలతోనే కొలుస్తాము, ఎసట్లో నీళ్లు కూడా ఆ లెక్కకే పోస్తాము. టీవీ కింద ఉన్న సోలను రోజుకొకసారి వంటింట్లోకి తీసుకుపోతే దాని అందం తరిగేది ఏమీ లేదు.

ఇక వర్తకుల సంగతి. ఏ వర్తకుడి పేరూ చెప్పడం నా ఉద్దేశం కాదు. వారిది వ్యాపారం, అమ్మేవారు లేకుండా వారు కొనలేరు. ఇత్తడి, రాగి, కంచు సామాన్లను తూకానికి కొని, వాటిలో చూపుకు బాగున్నవాటిని పట్నాల దుకాణాలకు, మిగిలినవాటిని కరిగించే కొలుములకు పంపుతారు. మన ఇళ్లలో పెళ్లికి ఇచ్చిన బిందెల మీద, చెంబుల మీద చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించడం ఆనవాయితీ. ఫలానావారి అమ్మాయికి ఫలానావారు ఇచ్చినది అని, ఒక్కొక్కసారి తేదీతో సహా ఉంటుంది. మా ప్రాంతంలో ఈ అక్షరాలు తెలుగులోనూ ఉంటాయి, ఒడియాలోనూ ఉంటాయి. ఒకే బిందె మీద అంచున తెలుగులో పుట్టింటివారి పేరు, అడుగున ఒడియాలో తరువాత కొన్నవారి పేరు ఉన్నవి కూడా చూశాము. వింటేజ్ అలంకరణ దుకాణాలలో ఆ పేర్లను అరగదీసి, నునుపు చేసి అమ్ముతున్నారు. కొనేవారి ఇంట్లో వేరొకరి పేరెందుకు అన్న ఆలోచన సహజమే కావచ్చు, కానీ ఆ బిందెకు ఉన్న ఒకేఒక ఆధారపత్రం అదే. పేరు ఉన్న పాత్రనే వెతికి కొనండని, కొన్నాక పేరున్న వైపును గోడకు తిప్పకుండా ఇటు తిప్పి పెట్టండని మీ పాఠకులకు నా మనవి. ఇంట్లో తోమేటప్పుడు కూడా చింతపండు, ఇటుకపొడి వేసి అక్షరాల మీద బలంగా రుద్దితే కొన్నేళ్లకు అవి మాసిపోతాయి. పేరు ఉన్నచోట మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

పాత్రలను తిరిగి వంటింట్లోకి తేవాలనుకునేవారికి కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు వండితే లోహం కూరలోకి దిగుతుంది గనుక లోపల కళాయి ఉండి తీరాలి. కళాయి అంటే, పాత్రను వేడిచేసి, నవాసారం చల్లి, తగరం కరిగించి దూదితో లోపలంతా పలుచగా పూయడం. తగరం 232 డిగ్రీల వద్దనే కరుగుతుంది. అందుచేత కళాయి పాత్రను ఖాళీగా పొయ్యి మీద ఉంచితే పూత నిలవదు. నాలుగు పాళ్ల రాగికి ఇంచుమించు ఒక పాలు తగరం కలిపిన కంచుకు కళాయి అవసరం లేదు, కానీ అది పెళుసు. జారవిడిస్తే పగులుతుంది, పగిలితే ఇత్తడికి వేసినట్లు మాటు వేయడం కుదరదు. దుకాణాలలో తళతళలాడే ఇత్తడి మీద నల్లబడకుండా పారదర్శకమైన పూత కొడుతున్నారు. అది ఉన్న పాత్ర వంటకు పనికిరాదు, ఆ మాట అమ్మేవారు చెప్పరు. బుడితి వంటి ఊళ్లలో ఈ పని తెలిసిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ గుర్తింపు పత్రం చూసి ఎవరికీ పూట గడవదు, పాత్ర చేయించుకునేవారూ బాగుచేయించుకునేవారూ రావాలి. సంతకు వచ్చే కళాయివారికి నెలకు పది పాత్రలైనా దొరకకపోతే వారి పిల్లలు ఆ పని నేర్చుకోరు.

కొయ్య సామాను విషయంలో మనకు మనమే చేసుకునే నష్టం మరొకటి ఉన్నది. భోగి పండుగనాడు ఇంట్లో పనికిరాని పాత కొయ్యను మంటలో వేయడం ఆచారం. విరిగిన బుట్టలు, పుచ్చిన కర్రలు వేసినంతకాలం అందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. కానీ ఇల్లు ఖాళీ చేసి కొత్త మేడ కట్టే తొందరలో, కాలు ఊడిన పడకకుర్చీ, పట్టె సడలిన మంచం, తలుపు రెక్కలు, తిరగలి పిడి, కావడిపెట్టె అన్నీ ‘పాతవి’ అన్న ఒకే లెక్కన భోగిమంటకు పోతున్నాయి. ఇనుప మేకు అన్నది లేకుండా కొయ్యకు కొయ్యను బిగించి, చెక్కమేకు కొట్టి నిలబెట్టిన ఆ మంచం కాళ్లను ఇప్పటి వడ్రంగి ఒక పూటలో బాగుచేయగలడు. భోగిమంటను ఎవరూ మానవద్దు. ఒడియా ఇరుగుపొరుగు కూడా మా మంటల దగ్గరకు వచ్చి చలి కాచుకుంటారు. అయితే భోగికి వారం ముందు వీధిలో ఒక వడ్రంగిని కూర్చోబెట్టి, మంటకు పోబోయే సామానును ఒకసారి చూపించే అలవాటు చేసుకుంటే, పిడకలతోనూ ఎండుకొమ్మలతోనూ మంట అంతే ఎత్తుకు లేస్తుంది.

పాత టేకు సామానుకు మెరుగు పెట్టించే ముందు దాని మీద ఉన్నది ఏ పూతో తెలుసుకోవడం మంచిది. పూర్వం లక్కను స్పిరిట్లో కరిగించి గుడ్డతో పొరలు పొరలుగా పూసేవారు. కంటికి కనిపించని మూలన దూదిని స్పిరిట్లో తడిపి తాకించి చూస్తే, లక్క పూత అయితే మెత్తబడి జిగటగా అంటుకుంటుంది. అటువంటి సామానును యంత్రంతో గీకించి కొత్త రసాయనపు పూత వేయిస్తే, ఇన్నేళ్లు చేతులు తగిలి వచ్చిన రంగు ఆ పొడితోనే ఎగిరిపోతుంది. మళ్లీ లక్క పూయించడమే సరైన పద్ధతి. లక్క పూత నీటికీ వేడికీ ఆగదు గనుక కాఫీ గ్లాసు నేరుగా పెట్టకూడదు, అంతే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మా జిల్లాను ఎంతగా దెబ్బతీసిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పెంకులు లేచిపోయిన ఇళ్లలో సామానంతా తడిసింది. పొడి చెక్కను జిగురుతో నొక్కి చేసిన కొత్త బీరువాలు ఉబ్బి, పొరలు విడిపోయి చెత్తలోకి పోయాయి. పాత టేకు మంచాలు నీడలో నెమ్మదిగా ఆరి మళ్లీ మంచాలయ్యాయి. తొందరపడి ఎండలో పెట్టినవాటికే బీటలు వచ్చాయి.

మీ వ్యాసంలో ఒకచోట తాటాకు గ్రంథంలోని ఒక ఆకును చట్రంలో బిగించి గోడకు తగిలించిన ఫోటో ఉన్నది. మిగిలిన సూచనలను నేను అభిప్రాయభేదంగానే భావించాను గానీ, ఈ ఒక్కదానిని గట్టిగా ఆక్షేపించక తప్పదు. తలుపును బల్లగా మార్చితే కలప మిగులుతుంది. గ్రంథంలోంచి ఒక ఆకును విడదీస్తే ఆ ఆకూ, ఆ గ్రంథమూ రెండూ పోతాయి. గంటంతో రాసి మసి రుద్దిన తాటాకు కట్టలు మా ప్రాంతంలో ఒడియా లిపిలోనూ తెలుగు లిపిలోనూ ఇళ్లలో ఉన్నాయి; చదివేవారు లేక, ఏమున్నదో తెలియక అమ్ముతున్నారు. 1972లో వచ్చి, 1976 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ గల రాతప్రతులు పురావస్తువులే; శిల్పాలు, చిత్రాలు, చేతిపనుల వంటివాటికి ఆ గడువు నూరేళ్లు. అటువంటివాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. ఇంట్లో వాడుకునే మంచానికీ చెంబుకూ నమోదు అక్కరలేదు గానీ, విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న తాళపత్రాల వంటివాటిని నమోదు చేయించాలి. విదేశాలలో ఉన్న పిల్లలకు జ్ఞాపకంగా పంపుదామనుకునేవారికి ఈ సంగతి ముందే తెలియడం మేలు. ఇంట్లో తాటాకు కట్ట ఉన్నవారు దానిని విప్పకుండా, నూనెలు రాయకుండా భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియం వంటి చోట చూపించవచ్చు. వేల సంఖ్యలో తాళపత్రాలను భద్రపరచిన సంస్థ అది.

గోడ మీది పటాల గురించి ఒక్క మాట. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం నెలకొల్పిన తరువాత లక్ష్మీ సరస్వతుల రంగుల పటాలు మన పూజగదులకు చేరాయి. మా అమ్మమ్మల కాలపు స్త్రీలు వాటిలోని అమ్మవారి చీరకు చమ్కీలు, పూసలు కుట్టి అలంకరించేవారు. ఆ పటాలనూ, పెద్దల నాటి ఫోటోలనూ ఎండ పడే గోడకు తగిలిస్తే వెలిసిపోతాయి. నకలు తీయించి గోడకు పెట్టి, అసలును పొడిగా, చీకటిగా ఉన్నచోట దాచడం ఉత్తమం. పాత లాంతర్లకు కరెంటు బల్బులు పెట్టించేవారు ఆ తీగలను మాత్రం కొత్తవి వేయించాలి. పాతదనం మీద మక్కువ అక్కడి దాకా రానక్కరలేదు.

చిన్న ఫ్లాట్లలో ఉండేవారికి ఇదంతా ఎలా సాధ్యమని ప్రశ్న రావచ్చు. హైదరాబాదులో రెండు గదుల ఇంట్లో ఉంటున్న మా మేనకోడలు నన్ను అదే అడిగింది. గంగాళాలూ పందిరిమంచాలూ నీకొద్దు, మీ అమ్మ వాడిన పోపులపెట్టె ఒకటి తీసుకుపో, అందులోనే ఆవాలూ మెంతులూ పోసుకో అన్నాను. పెట్టె మూత లోపలి వైపు ఒక కాగితం మీద వాళ్ల అమ్మమ్మగారి ఊరు, పెళ్లి జరిగిన సంవత్సరం రాసి అంటించి ఇచ్చాను. ఇంటికి వచ్చిన స్నేహితులు ఆ పెట్టెను చూసి, తమ ఇళ్లకు ఫోన్లు చేసి అటువంటివి ఉన్నాయేమో అని వాకబు చేస్తున్నారట. ఎవరింట్లో ఉన్నది వారు అడిగి తెచ్చుకోగలిగితే దుకాణానికి పోవలసిన పని సగం తగ్గుతుంది.

మీకు నా విన్నపాలు రెండు. ఇకముందు ఇటువంటి వ్యాసాలలో ఫోటో వేసినప్పుడు, దాని కింద దుకాణం పేరు, ధరలతో పాటు ఆ వస్తువు ఏ ఊరిది, ఏ పనికి వాడేవారు అన్న వివరం కూడా వేయండి. ఆ వివరం దుకాణంవారికి తెలియకపోతే, తెలియదన్న మాటే వేయండి, కొనేవారు ఆలోచించుకుంటారు. రెండవది, కళాయి వేసేవారు, మాటు వేసేవారు, పేము కుర్చీలు, నవారు మంచాలు అల్లేవారు, లక్క మెరుగు పెట్టే వడ్రంగులు ఏ ఊళ్లో ఉన్నారో, ఏ సంతకు ఏ వారం వస్తారో జిల్లాలవారీగా, వారి అనుమతితో, మీ అనుబంధంలో ప్రచురించండి. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల విలేకరులకు ఈ సమాచారం సేకరించడం కష్టమేమీ కాదు. గజపతి, రాయగడ జిల్లాల మేరకు మా నోటుపుస్తకాలలో ఉన్న వివరాలను తెలుగులోకి సాపు చేసి పంపడానికి నేనూ నా స్నేహితురాలూ సిద్ధంగా ఉన్నాము. భోగికి ముందే ప్రచురించగలిగితే ఎక్కువ ఉపయోగం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా